ఒక విలేకరిని వెతుక్కుంటూ నేషనల్ ఆర్కైవ్స్‌లో నాలుగు రోజులు

ముందు పెన్సిల్ సంగతి చెబుతాను. లండన్‌కు పడమటి పక్కన, క్యూ గార్డెన్స్ స్టేషన్ నుంచి పది నిమిషాలు నడిస్తే బ్రిటన్ నేషనల్ ఆర్కైవ్స్ వస్తుంది. అక్కడ పాత కాగితాలు చదివే గదిలోకి కలం తీసుకువెళ్లకూడదు. సిరా చుక్క పడితే ఎనభై ఏళ్ల కాగితం పాడైపోతుంది. పెన్సిల్ ఒక్కటే అనుమతి. రబ్బరు వద్దు, పెన్సిల్ చెక్కుకునే మర కూడా వద్దు. శ్రీకాకుళంలో, తరవాత విశాఖపట్నంలో కలిపి ఇరవై ఎనిమిదేళ్లు విలేకరిగా పనిచేశాను. సంచిలో కలం లేకుండా గడప దాటిన రోజు నాకు గుర్తు లేదు. ఆ కలాన్ని కింది అంతస్తులో లాకర్‌లో పెట్టేసి, వాళ్లిచ్చిన పారదర్శకమైన ప్లాస్టిక్ సంచిలో రెండు పెన్సిళ్లు, ఒక నోటుపుస్తకం, ఫోను, కళ్లజోడు వేసుకుని మొదటి అంతస్తుకు ఎక్కాను. చేతికి ఏదో వెలితిగా అనిపించింది. మధ్యాహ్నానికి ఆ వెలితి మరిచిపోయాను.

మా అమ్మాయి హౌన్‌స్లోలో ఉంటుంది. ఆరు నెలలు ఉందామని వచ్చాను. రాజుగారి కోట, గడియారం స్తంభం, నది మీద వంతెనలు మొదటి పది రోజుల్లోనే చూపించేశారు. అన్నీ బాగున్నాయి. నేను మాత్రం ఒక మనిషి రాతకోతలు చూడాలని ఇంటి దగ్గరే అనుకుని బయలుదేరాను. ఆయన పేరు రిచీ కాల్డర్. నేను సైన్స్ పేజీ చూస్తున్న రోజుల్లో నా బల్ల ముందు గోడకు ఒక జాబితా అంటించుకున్నాను. సైన్సును మామూలు జనానికి అర్థమయ్యేలా చెప్పినవాళ్లకు యునెస్కో ఇచ్చే కళింగ బహుమతి పొందినవాళ్ల పేర్లు అవి. బిజూ పట్నాయక్ ఇచ్చిన నిధితో 1952లో మొదలైన బహుమతి. శ్రీకాకుళం వాళ్లం మేమూ కళింగులమే, పాత కళింగ నగరం ముఖలింగం మా జిల్లాలోనే ఉంది. కాబట్టి ఆ బహుమతి మీద నాకు సొంత ఇంటి వస్తువు మీద ఉండే మమకారం. 1957లో బెర్ట్రాండ్ రసెల్, 1961లో ఆర్థర్ సి. క్లార్క్. ఆ రెండు పేర్లకూ మధ్యలో, 1960 ఎదురుగా, రిచీ కాల్డర్. మిగతావాళ్లలో చాలామంది శాస్త్రవేత్తలు, తత్త్వవేత్తలు. ఈయన డిగ్రీ లేని విలేకరి. ఆ ఒక్క కారణంతో ఆయన గురించి వెతకడం మొదలుపెట్టాను.

స్కాట్లాండ్‌లోని ఫోర్ఫర్ అనే చిన్న ఊళ్లో 1906లో పుట్టాడు. పదహారేళ్ల వయసులో డండీ పట్టణంలో పోలీసు కోర్టు వార్తలు రాసే పనిలో చేరాడు. డండీ అంటే జనపనార మిల్లుల ఊరు. బెంగాల్ నుంచి ఓడల్లో వెళ్లిన నార అక్కడ గోనెగుడ్డ అయ్యేది. మా ఉత్తరాంధ్రలో జనపనార మిల్లుల సైరన్ విని నిద్ర లేచిన వాళ్లకు ఆ ఊరి గాలి ఎలా ఉంటుందో వేరే చెప్పనక్కరలేదు. అక్కడి నుంచి లండన్ వచ్చి, 1930ల్లో డైలీ హెరాల్డ్ అనే కార్మిక పక్షపు పత్రికలో పనిచేశాడు. ప్రయోగశాలలకు వెళ్లి శాస్త్రవేత్తలు ఏం చేస్తున్నారో మామూలు మాటల్లో రాయడం ఆయనకు అలవడింది అప్పుడే.

తరవాత 1940 సెప్టెంబరు వచ్చింది. 7వ తేదీ సాయంత్రం నుంచి జర్మన్ విమానాలు తూర్పు లండన్ మీద బాంబులు వేయడం మొదలుపెట్టాయి. ఓడరేవు పక్కన కూలీలు ఉండే పేటలు మొదట కూలాయి. కానింగ్ టౌన్‌లో ఇళ్లు పోయిన కుటుంబాలను అగేట్ వీధిలోని సౌత్ హాల్స్‌విల్ పాఠశాలలో ఉంచారు. బస్సులు వస్తాయి, మిమ్మల్ని ఇక్కడి నుంచి తీసుకువెళతాయి అని చెప్పారు. బస్సులు రాలేదు. కానింగ్ టౌన్‌కు బదులు కామ్‌డెన్ టౌన్‌కు వెళ్లిపోయాయని అక్కడివాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. కాల్డర్ ఆ బడికి వెళ్లాడు. పసిపిల్లలతో, మూటలతో కిక్కిరిసి కూర్చున్న జనాన్ని చూశాడు. చూసిన క్షణంలోనే ఇక్కడ ఘోరం జరుగుతుందని మనసుకు తట్టిందని తరవాత రాశాడు. 10వ తేదీ తెల్లవారుజామున ఆ బడి మీదే బాంబు పడింది. ప్రభుత్వం చెప్పిన మృతుల సంఖ్య 77. పేటవాళ్లు చెప్పింది వందల్లో.

ఆయన ఏడ్చి ఊరుకోలేదు. ఊరడింపు మాటలూ రాయలేదు. బాంబులు ఎన్ని పడతాయో ప్రభుత్వం ముందే లెక్క వేసుకుంది, శవపేటికల లెక్కా వేసుకుంది, ఇల్లు పోయి బతికి బయటపడిన మనిషికి ఆ సాయంత్రం అన్నం ఎవరు పెడతారో మాత్రం లెక్క వేయలేదు. ఇదీ ఆయన పట్టుకున్న పాయింటు. రేషన్ పుస్తకం ఒక ఆఫీసులో, బట్టలు ఇంకో ఆఫీసులో, ఇంటి పరిహారం మరో ఆఫీసులో. ఇల్లు కూలిన మనిషి బస్సు చార్జీలు కూడా లేకుండా వాటి మధ్య తిరగాలి. ఈ పద్ధతిని ఆయన వారం వారం ఎండగట్టాడు. స్పిటల్‌ఫీల్డ్స్‌లో పండ్ల మార్కెట్ భవనం కింద వేలమంది రాత్రిళ్లు తలదాచుకునేవారు. అక్కడ మికీ డేవిస్ అనే కళ్లద్దాల వ్యాపారి, మూడడుగుల పైచిలుకు ఎత్తున్న మనిషి, తనంతట తానే కమిటీ వేసి, పడుకునే చోట్లు పంచి, వైద్యం ఏర్పాటు చేశాడు. అధికారులు చేయలేనిది ఆ మనిషి చేసి చూపించాడని కాల్డర్ లోకానికి చెప్పాడు.

ఇది చదివినప్పుడు నాకు 2018 అక్టోబరు గుర్తొచ్చింది. తిత్లీ తుపాను 11వ తేదీ వేకువన పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరిచెట్లు నిలువునా పడిపోయాయి. మర్నాడు వజ్రపుకొత్తూరు మండలంలో ఒక ఊరి బడిలో నలభై కుటుంబాలు ఉంటే వెళ్లాను. నల్లబల్ల మీద తుపానుకు ముందు రోజు పాఠం అలాగే ఉంది. వయసు మళ్లిన ఒక అమ్మ నా నోటుపుస్తకం వైపు చూసి, "రాసుకుంటున్నావు సరే, నీళ్లు ఎప్పుడొస్తాయమ్మా?" అని అడిగింది. వస్తున్నాయట అన్నాను. ఎవరో నాకు చెప్పిన మాటే ఆమెకు చెప్పాను. చీకటి పడేదాకా ఉన్నాను, ట్యాంకర్ రాలేదు. కాపీ పంపాలి కాబట్టి సిగ్నల్ ఉన్న చోటికి వెళ్లిపోయాను. మర్నాటి ఉదయం ప్రభుత్వ ప్రకటనలో ఆ ఊరి పేరు, దాని పక్కనే "నీటి ట్యాంకర్లు చేరాయి" అన్న వాక్యం కనిపించాయి.

ఆ ప్రకటన పంపించింది నా గురువుగారు. ఆయన పేరు ఇక్కడ రాయను. వార్తకు మొదటి వాక్యం ఎలా ఉండాలో నాకు నేర్పింది ఆయనే. 1995లో పత్రిక వదిలి సమాచార శాఖలో చేరారు. అప్పటి నుంచి ఆయనతో నాకు మాటలు తగ్గిపోయాయి. పిల్లల పెళ్లిళ్లకు వెళ్లాను, భోజనం చేసి వచ్చాను, అంతే. ఆ ప్రకటన చూశాక అదీ లేదు. ప్రశ్న వేసేవాడు జవాబు చెప్పే బల్ల వెనక్కి వెళ్లి కూర్చుంటే అతనిలో విలేకరి చచ్చిపోతాడు అనేది నా గట్టి నమ్మకం.

అలాంటప్పుడు కాల్డర్ విషయం నాకు మింగుడు పడలేదు. తమను అంత గట్టిగా తిట్టిన మనిషిని ప్రభుత్వం 1941లో పిలిచి ఉద్యోగం ఇచ్చింది. ఆయన వెళ్లాడు. రాజకీయ యుద్ధ నిర్వహణ శాఖ అని దానికి పేరు. బయటి లోకానికి మాత్రం విదేశాంగ శాఖలోని రాజకీయ సమాచార విభాగం అని చెప్పేవారు. లండన్‌లో బుష్ హౌస్‌లో కొంత, పల్లెపట్టున వోబర్న్ అబీలో కొంత పని జరిగేది. జర్మనీ ఆక్రమించిన దేశాల ప్రజలకు, జర్మన్ సైనికులకు రేడియోలో ఏం చెప్పాలి, విమానాల నుంచి ఏ కరపత్రం విసరాలి అన్నది అక్కడ తేల్చేవారు. జర్మన్ సైనికుల కోసమే 1944లో ఒక దినపత్రిక అచ్చువేసి రోజూ ఆకాశం నుంచి జారవిడిచారు. ఆ శాఖలో ప్రణాళికల డైరెక్టర్ కాల్డర్. యుద్ధం అయిపోయేదాకా అక్కడే ఉన్నాడు, 1945లో సి.బి.ఇ. బిరుదు ఇచ్చారు. ఆ శాఖ ఫైళ్లు ఎఫ్‌ఓ 898 అనే వరుసలో ఇప్పుడు నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. ఎవరైనా చూడవచ్చు. శ్రీకాకుళం నుంచి వచ్చిన ఒక రిటైర్డు విలేకరి కూడా చూడవచ్చు. ఈ సమీక్ష రాయడానికి ముఖ్య కారణం ఆ "ఎవరైనా" అన్న మాటే.

వెళ్లేవాళ్ల కోసం పద్ధతి చెబుతాను. ముందుగా ఇంటర్నెట్‌లో పేరు నమోదు చేసుకుని, మొదటి రోజు గుర్తింపు కోసం పాస్‌పోర్టు, చిరునామా చూపించే మరో రుజువు తీసుకువెళ్లాలి. అక్కడే ఫొటో తీసి రీడర్స్ టికెట్ ఇస్తారు. డబ్బు కట్టనక్కరలేదు. మూడేళ్లు పనికొస్తుంది. మీరు ఎవరు, ఏ విశ్వవిద్యాలయం, ఎవరి సిఫారసు, ఎందుకు కావాలి అని ఒక్కరూ అడగలేదు. మన దగ్గర పాత గెజిట్ ఒకటి చూడాలంటే ఎంతమంది సంతకాలు పట్టిందో తలుచుకుంటే నాకు ఆ బల్ల దగ్గర గొంతు పట్టేసింది. టికెట్ ఇచ్చిన కుర్రవాడికి రెండుసార్లు థాంక్స్ చెప్పాను.

ఫైలు నంబరు కేటలాగులో వెతికి, కంప్యూటర్‌లోనే కావాలని అడగాలి. చదువుకునే బల్లకు ఒక నంబరు ఇస్తారు. కొంతసేపటికి ఆ నంబరు గూటిలోకి మీ ఫైలు వచ్చి కూర్చుంటుంది. తెరిచి తీసుకోవడమే. మొదటిసారి ఆ గూడు తలుపు తీసినప్పుడు, చిన్నప్పుడు ఆర్‌టీసీ పార్సిల్ కార్యాలయంలో నాన్నగారి పేరున వచ్చిన పెట్టె అందుకున్నట్టే అనిపించింది. వేచి ఉండే సమయం వృథా కాదు. కింద కొలను ఉంది, హంసలు తిరుగుతుంటాయి, గట్టున కూర్చుని పులిహోర తినవచ్చు. నేను అదే చేశాను. లోపల కాఫీ దొరుకుతుంది, సూపు, రొట్టె దొరుకుతాయి.

కేటలాగులో కాల్డర్ అని కొట్టి అన్నీ వచ్చేస్తాయని ఆశపడవద్దు. శాఖ కాగితాలు శాఖ పేరు మీద, పని పేరు మీద ఉంటాయి. మనిషి పేరు మీద ఉండేవి తక్కువ. దేశం పేరు, సంవత్సరం పట్టుకుని వెతకాలి. తెలియకపోతే సహాయపు బల్ల దగ్గరకు వెళ్లండి. అక్కడ ఉన్న ఒక పెద్దావిడ నా ప్రశ్న పూర్తిగా విని, నేను అడిగినదాని కంటే నాకు కావలసినదేమిటో బాగా అర్థం చేసుకుని మూడు నంబర్లు కాగితం మీద రాసి ఇచ్చారు. విలేకరిగా నేను చెబుతున్నాను, ఇంత ఓపికగా వినే ప్రభుత్వ ఉద్యోగిని నేను చూసింది బహు తక్కువ.

ఇక ఫైలు. దాన్ని ఎలా పెట్టుకోవాలో కూడా వాళ్లే చూపిస్తారు. స్పాంజి దిమ్మలు రెండు ఏటవాలుగా పెట్టి, మధ్యలో ఫైలును పడుకోబెట్టాలి. పేజీ లేవకుండా గుడ్డ తొడుగు వేసిన బరువు తాడు ఒకటి పైన వేయాలి. నేను మొదట బల్ల మీద చదునుగా తెరిచాను. ఒక అమ్మాయి వచ్చి మందలించకుండా, పక్కన కూర్చుని, నా చేతితోనే ఆ దిమ్మలు సర్దించింది. వేలు తడి చేసుకుని పేజీ తిప్పబోయిన నా చేతిని నేనే ఆపుకున్నాను.

అట్ట బూడిదరంగు. లోపలి కాగితాలకు మూలన చిల్లు పెట్టి ఆకుపచ్చ ట్యాగు వేశారు. మన తాలూకా ఆఫీసు ఫైళ్లకు వేసే ట్యాగే. దానికి చివర లోహపు ముక్క, అక్కడ తుప్పు మరక కాగితం మీదకు పాకింది. ఎక్కువ భాగం ఉల్లిపొర కాగితం మీద కార్బన్ కాపీలు. నాలుగో కాపీయో అయిదో కాపీయో, అక్షరాలు ఊదారంగు మబ్బులా ఉన్నాయి. మధ్యలో ఒక అసలు ప్రతి వచ్చింది. టైపు చేసినవాళ్లు గట్టిగా కొట్టే మనిషి. ప్రతి ఫుల్‌స్టాప్ దగ్గరా కాగితానికి సూది చిల్లు పడింది. ఆ చిల్లుల్లోంచి కింది పేజీ తెలుపు కనబడుతోంది. వేలు వెనక వైపు ఆనిస్తే వాక్యం ఎక్కడ ఆగిందో తెలుస్తుంది. అంచున పెన్సిల్‌తో పొడి అక్షరాల సంతకాలు. పైన ఎవరెవరికి పంపాలో జాబితా, అందులో మనుషుల పేర్లకు బదులు పదవుల పేర్లు. పత్రికలో పెద్ద అక్షరాల్లో తన పేరు చూసుకున్న మనిషి ఇక్కడ ఒక హోదాగా మారిపోయాడు. ఆ వరుస దగ్గర పెన్సిల్ కింద పెట్టి కాసేపు ఊరికే కూర్చున్నాను.

మొదటి రెండు రోజులు నాకు కోపమే. ఫ్రాన్సుకు ఇది చెప్పాలి, నార్వేకు అది చెప్పాలి, ఈ వారం ఈ విషయం ఎత్తకూడదు. వారం వారం ఆదేశాలు. నిన్న ప్రశ్న వేసినవాడు ఇవాళ ఏది ఎత్తకూడదో తేల్చే గదిలో కూర్చున్నాడు, అనుకున్నదే అయింది అనిపించింది. మూడో రోజు వేరే సంగతి కంటపడింది. ఆక్రమణలో ఉన్న జనం తొందరపడి తిరగబడితే ఏమవుతుంది అన్న చింత ఆ శాఖను వదల్లేదు. సాయం ఇంకా చాలా దూరంలో ఉంది. "వస్తున్నాం, లేవండి" అని రేడియోలో ఒక్క మాట ఎక్కువ చెబితే, అక్కడి ఊళ్లలో మనుషులు గోడకు ఆనించి కాల్చివేతకు గురవుతారు. ఆశ చచ్చిపోకుండా చూడాలి, రాని సైన్యం వచ్చేసిందనీ చెప్పకూడదు. ఎప్పుడు వస్తామో తెలియనప్పుడు ఏ క్రియాపదం వాడాలి అన్నదే వాళ్ల పని.

అప్పుడు నాకు అగేట్ వీధి బడి కళ్ల ముందు కదిలింది. బస్సులు వస్తాయని చెప్పి కూర్చోబెట్టిన జనాన్ని కళ్లారా చూసిన మనిషి ఈ బల్ల దగ్గర ఉన్నాడు. వస్తాయి అన్న మాటకు ఎంత బరువుందో ఆ శాఖలో ఆయన కంటే బాగా తెలిసినవాళ్లు ఎవరుంటారు? ఆ కాగితాల్లో ఏ వాక్యం ఆయనది, ఏది కాదు అని నేను గీత గీసి చెప్పలేను, ఆ పని చేసే కాగితాలు కావవి. కానీ విలేకరి చచ్చిపోయాడు అని ఇక నేను అనలేను.

ఇక్కడ ఒక చేదు అనుభవం కూడా చెప్పాలి. ఇది ఆర్కైవ్స్‌ది కాదు. కాల్డర్ 1941లో లండన్ బాంబు దాడుల మీద తెచ్చిన పుస్తకం పాత ప్రతి ఒకటి ఇంటర్నెట్‌లో ఒక పాత పుస్తకాల దుకాణంలో కనబడితే పద్దెనిమిది పౌండ్లు పెట్టి తెప్పించుకున్నాను. "పూర్తి ప్రతి, మంచి స్థితి" అని రాశారు. వచ్చాక చూస్తే మధ్యలో ఒక ఫారం మొత్తం లేదు. పదహారు పేజీలు. కుట్టు దగ్గర దారం కూడా కనబడుతోంది. ఉత్తరం రాస్తే, చూసుకోలేదు అని సమాధానం వచ్చింది, సగం డబ్బు వెనక్కి వేశారు. అచ్చు పనితో బతికినదాన్ని, ఫారం లేని పుస్తకాన్ని పూర్తి ప్రతి అనడం నాకు తప్పుగానే తోస్తుంది. అమ్మేవాళ్లు పేజీలు లెక్కపెట్టడానికి పది నిమిషాలు చాలు. ఇలాంటివి కొనేటప్పుడు పేజీల సంఖ్య, ఫారాలు సరిచూశారా అని ముందే అడగండి.

దీన్ని పక్కన పెట్టుకుంటే ఆర్కైవ్స్‌లో నేను గౌరవించేది ఇంకా పెరుగుతుంది. ఒక్క కాగితం కూడా వరుస తప్పకుండా తిరిగి పెట్టమంటారు. కలిసిపోయినట్టు అనుమానం వస్తే మీరే సర్దకండి, మాకు చెప్పండి అంటారు. బయటకు వచ్చేటప్పుడు నోటుపుస్తకం పేజీల మధ్య చూస్తారు. అది అవమానంగా తీసుకోకూడదు. నా కంటే ముందు వచ్చినవాళ్లను అలా చూడబట్టే నాకు ఆ కాగితం మిగిలింది. సొంత ఫోనుతో ఫొటోలు తీసుకోవచ్చు, ఫ్లాష్ మాత్రం వెలగకూడదు, రుసుము లేదు. నాలుగు రోజుల్లో మూడు వందలకు పైగా తీశాను.

ఇంకో మూడు మాటలు. ఆది, సోమవారాలు చదువుగది తెరవరు, మంగళవారం నుంచి శనివారం దాకా మాత్రమే. బయలుదేరే ముందు వేళలు చూసుకోండి. హౌన్‌స్లో నుంచి హెచ్37 బస్సులో రిచ్‌మండ్ దిగి, అక్కడి నుంచి డిస్ట్రిక్ట్ లైన్ రైలులో ఒక్క స్టేషన్. లోపల చల్లగా ఉంటుంది, శాలువా దగ్గర పెట్టుకోవాలి, కోటు మాత్రం లాకర్‌లోనే. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు లిఫ్టు ఉంది. ఇంగ్లీషు కాగితాలు చదవగలిగి, రెండు మూడు రోజులు కేటాయించగలిగిన ఎవరికైనా వెళ్లమని చెబుతాను. ముఖ్యంగా మన విలేకరులకు. మద్రాసు నుంచి, ఢిల్లీ నుంచి వెళ్లిన నివేదికలు, కరవుల లెక్కలు, నిషేధించిన కరపత్రాల సంగతులు కావాలంటే బ్రిటిష్ లైబ్రరీలో ఇండియా ఆఫీసు రికార్డులు వేరే ఉన్నాయి. అది ఇంకో ప్రయాణం, ఇంకో టికెట్.

కాల్డర్ యుద్ధం అయ్యాక ఉద్యోగంలో ఉండిపోలేదు. తిరిగి పత్రికకు వెళ్లాడు. న్యూస్ క్రానికల్‌లో సైన్స్ ఎడిటర్‌గా 1956 దాకా పనిచేశాడు. ఎడారులు, ఆగ్నేయాసియా అడవులు, ఉత్తర ధ్రువ ప్రాంతాలు తిరిగి, అక్కడి మనుషుల తిండి, నీళ్లు, జబ్బుల గురించి రాశాడు. 1961లో ఎడిన్‌బరా విశ్వవిద్యాలయం ఆయనకు అంతర్జాతీయ సంబంధాల ఆచార్య పదవి ఇచ్చింది. పదహారేళ్లకు బడి మానేసిన మనిషికి! 1966లో ప్రభువుల సభకు వెళ్లాడు, 1982లో చనిపోయాడు. ఒక కొడుకు నైజెల్ సైన్స్ రచయిత, ఇంకో కొడుకు ఆంగస్ ఆ యుద్ధకాలపు బ్రిటిష్ ప్రజల చరిత్రనే రాశాడు. తండ్రి వీధుల్లో చూసినదాన్ని కొడుకు దస్తావేజుల్లో వెతికాడు.

నాలుగో రోజు సాయంత్రం ఫైలు తిరిగి ఇచ్చేసి, లాకర్‌లోంచి కలం తీసుకుని, కొలను గట్టున కూర్చున్నాను. శ్రీకాకుళంలో అప్పటికి రాత్రి పదిన్నర. గురువుగారు ఆలస్యంగా పడుకుంటారని తెలుసు. ఆరేళ్లకు పైగా చేయని ఫోను చేశాను. నా గొంతు గుర్తుపట్టి, "అమ్మాయీ, ఎక్కడున్నావు?" అన్నారు. కుశలాలు అయ్యాక తిత్లీ ప్రకటన గురించి నేరుగా అడిగాను. ఆ ఊరికి ట్యాంకర్లు చేరాయని ఎందుకు రాశారు గురువుగారూ, నేను చీకటి పడేదాకా అక్కడే ఉన్నాను అన్నాను.

కాసేపు మాట్లాడలేదు. "నేను చేరాయి అని రాయలేదమ్మా" అన్నారు. "బయలుదేరాయి అని రాశాను. పై నుంచి మారి వచ్చింది. రాత్రి రెండు గంటలప్పుడు దాని మీద గొడవపడ్డాను కూడా. ఎవరికి చెప్పుకోను?"

చిత్తుప్రతి ఉందా అని అడిగాను. రేకు పెట్టెలో ఉండాలి, చూస్తానుండు అన్నారు. ఫోను బల్ల మీద పెట్టిన చప్పుడు, తరవాత మంచం కిందనుంచి పెట్టె లాగిన చప్పుడు వినిపించాయి. ఆయన వచ్చేదాకా పది నిమిషాలు ఫోను చెవికి ఆనించుకునే ఉన్నాను. హంసలు గట్టెక్కి వెళ్లిపోయాయి, కాపలా మనిషి గేటు మూసే వేళయిందని చెయ్యి ఊపాడు.

"దొరికింది" అన్నారు గురువుగారు. "అంచులు చెద తిన్నది. పెన్సిల్‌తో రాశాను కదా, అక్షరాలు బాగానే ఉన్నాయి."

ఆ కాగితం ఎవరికీ ఇవ్వవద్దని, నేను వచ్చేదాకా ప్లాస్టిక్ కవరులో వేసి పైన ఎక్కడైనా పెట్టమని చెప్పాను. ట్యాగు వేయమంటావా అని అడిగారు. వద్దు, తుప్పు పడుతుంది అన్నాను.